జీవమ్మ చేన్లో దిగిన బెలూను

జీవమ్మకు పైన విమానం కనిపిస్తే చెయ్యి ఊపకుండా ఉండటం చేతకాదు. ఓర్వకల్లు దగ్గర విమానాశ్రయం వచ్చిన కొత్తలో ఊరంతా ఊపింది. నెల తిరగకముందే మా చేతులు దిగిపోయాయి. ఆమె చెయ్యి మాత్రం ఇప్పటికీ దిగలేదు. నెత్తిన గంప ఉన్నా సరే, ఒక చేత్తో గంప పట్టుకుని రెండో చెయ్యి ఎత్తాల్సిందే.

"పైనున్నోళ్ళకు నువ్వు కనపడతావా జీవమ్మక్కా?" అని టీకొట్టు అయ్యన్న ఎప్పుడూ ఏడిపిస్తాడు.

"కనపడకపోతే పాయె. మన నెత్తి మీంద పోతాండారు. పలకరించకుంటే ఏమనుకుంటారప్పా?" అంటుంది.

ఆమెకు అరవై దాటాయి. భర్త ఏసేపు చనిపోయి పదేళ్ళయింది. రాతికొండ కింద రెండున్నర ఎకరాల చేను ఆమెది. ఏటా రాళ్ళు ఏరి గట్టున పోస్తుంది, ఏటా కొత్తవి తేలతాయి. ఆ చేన్లో ఏ కరువుకూ ఎండని పంట రాళ్ళేనని ఆమే చెప్పి నవ్వుతుంది. గట్టు మీద వేప కింద ఒక కుండ పెట్టి, మేకలు కాసేవాళ్ళు తాగుతారని రోజూ నీళ్ళు నింపుతుంది. నడుముకు కట్టుకున్న తిత్తిలో ఆకు వక్కతో పాటు ముల్లు తీసే పట్టకారు కూడా ఉంటుంది. మనుషులకే కాదు, మేకలకూ తీస్తుంది. ముల్లు తీస్తూ ఉంటే మేక తన్నిందనుకోండి, "నొప్పి లేకుంటే తంతాదా పాపం" అని మేక తరఫున ఆమే సర్దిచెబుతుంది.

ఇంత మెత్తని మనిషికి ఒక్క విషయంలో మాత్రం చెప్పలేనంత మొండితనం. అది మా చర్చి కోత పండుగ.

నవంబరులో ఒక ఆదివారం మా సంఘంలో ఆ పండుగ చేసుకుంటాం. ఆరోజు ప్రతి ఇంటి పేరూ పిలుస్తారు. పేరు వినపడగానే ఆ ఇంటివాళ్ళు వాకిలి దగ్గర నుంచి గంప ఎత్తుకుని నడిచి వచ్చి, ముందున్న బల్ల దగ్గర దించాలి. గొంతు పెద్దదని పదిహేనేళ్ళుగా పేర్లు పిలిచే పని నాకు అప్పగించారు. కట్టుబాటు ఒకటే. ఎవరి నేలలో వచ్చింది వాళ్ళు తేవాలి. కొని తేకూడదు, ఇంకొకరిని అడిగి తేకూడదు. ఎంత తెచ్చారని ఎవరూ చూడరు. కోడలుగా వచ్చిన ముప్పై నాలుగేళ్ళలో జీవమ్మ ఒక్కసారి కూడా వట్టి చేతులతో నడవలేదు. ఒక ఏడు గంపెడు బుడ్డలు తెచ్చింది. వేరుశనగ కాయలను మేము బుడ్డలనే అంటాం. ఒక ఏడు చేరెడు కొర్రలు. మరీ కరువొచ్చిన ఏడు ఒకే ఒక సొరకాయ, అదీ వంకరది. దాన్ని పసిబిడ్డలా ఎత్తుకుని వచ్చి బల్ల దగ్గర పడుకోబెట్టింది.

పోయిన ఏడు ఆ వంకర సొరకాయకు కూడా దిక్కు లేకపోయింది. మొదటి వాన పడగానే బుడ్డలు విత్తింది. ఆ తర్వాత మబ్బులు రావడమైతే వచ్చాయి గాని, విమానాల మాదిరి పైపైనే వెళ్ళిపోయాయి.

"మబ్బుకు చెయ్యి ఊపలేదా అక్కా?" అన్నాడు అయ్యన్న.

"ఊపినా. అది సూడలే."

కోత కాలానికి నేల గచ్చులా బిగిసింది. చెట్టు పట్టుకుని పీకితే కట్టె చేతికి వచ్చేది, వేరు లోపలే ఉండిపోయేది. పది పదిహేను చెట్లు అట్లా పీకి చూసి, కింద కాయ ఊరలేదని తేల్చుకుని చేను వదిలేసింది. ఇంటి ముందరి కోళ్ళు తెగులొచ్చి పోయాయి. గుమ్మడి పాదును ఎవరి మేకో మేసింది. ముల్లు తీయించుకున్న మేకే అయి ఉంటుందని మా అనుమానం.

పక్క చేను కృష్ణవేణమ్మది. బోరు ఉన్న పెద్ద రైతు కుటుంబం. జీవమ్మ దిగులు చూడలేక ఆమె గట్టు దాటి వచ్చింది.

"ఏమి జీవమ్మా, మా ఉల్లిగడ్డలు ఒక గంపెడు ఎత్తుకపోరాదా? ఇవి యాడివని మీ దేవుడేమన్నా అడుగుతాడా?"

"అడగడు రెడ్డెమ్మా. ఆయనకు ముందే తెల్సుంటాది. అదే గదా నా బాధ."

కృష్ణవేణమ్మ వెంట తెచ్చిన ఉల్లిగడ్డల్లోంచి నాలుగు తీసి జీవమ్మ కొంగులో వేసి, "ఇవి దేవునికి కాదులే, నీ పులుసుకు" అని వెళ్ళిపోయింది.

రేపు పండుగ అనగా శనివారం మధ్యాహ్నం, అయ్యన్న టీకొట్టు ముందు నలుగురం కూర్చున్నాం. ఆకాశంలో తెల్లని చుక్క ఒకటి కనిపించింది. పట్టపగలు చుక్కేమిటని అందరం తలలెత్తాం. కదిలీ కదలనట్టుగా ఉంది. విమానమైతే ఈపాటికి దాటిపోయేది.

ఆ మధ్య ఒక దేశం బెలూను ఇంకో దేశం మీదికి పోయిందని, దాన్ని యుద్ధ విమానంతో కొట్టి సముద్రంలో పడేశారని టీవీలో వారం పాటు చూపించారు. లోకమంతా ఆ సంగతి మరిచిపోయింది గాని అయ్యన్న మరవలేదు. టీ గ్లాసు చేతిలోనే పెట్టుకుని లేచి నిలబడ్డాడు.

"గూఢచారి బెలూను! నేను చెప్పలే? మన ఊర్ని ఫొటోలు తీస్తాండాది!"

"మన ఊర్లో ఏముండాదని తీస్తాదప్పా?" అన్నాడు సంఘ పెద్ద శాంతయ్య. "నీ టీలో పాలెన్ని, నీళ్ళెన్ని అని కనుక్కునేకి వచ్చింటాది."

ఆ మాటకు నవ్వుతూ ఉండగానే, కొండల అవతల నుంచి సన్నని పొగ గీత ఒకటి లేచి తిన్నగా పైకి పోయింది. అటువైపు సైన్యంవాళ్ళు ఆయుధాలు పరీక్షించుకునే జాగా ఉంది. అప్పుడప్పుడు చప్పుళ్ళు వస్తుంటాయి. మా కోళ్ళు కూడా ఉలిక్కిపడటం మానేశాయి. ఈసారి మాత్రం చుక్క ఒకసారి వణికి, నలిపిన కాగితంలా అయిపోయింది. చప్పుడు ఆ తర్వాత వచ్చింది. గాలి మావైపు తిరిగింది. చుక్క చాపంత అయింది, పందిరంత అయింది, మెల్లగా మా ఊరి మీదికే దిగసాగింది.

రాతికొండ వైపు చూస్తే, చేను మధ్యలో జీవమ్మ నిలబడి రెండు చేతులూ ఊపుతోంది.

"పిలిచింది గదా, ఇంకేముంది, వస్తాండాది" అన్నాడు అయ్యన్న.

మేము పరుగెత్తేసరికి అది ఆమె చేన్లోనే దిగింది. పల్చని తెల్లని ప్లాస్టిక్, చిన్న ఇంటి కప్పంత. ఇంకా సగం గాలి ఉండటంతో తెరచాపలా ఉబ్బి, తాళ్ళకు వేలాడుతున్న పెట్టెను నేల మీద ఈడ్చుకుంటూ పోయింది. చేను ఈ చివర నుంచి ఆ చివర దాకా పోయి, రాళ్ళకుప్పకు తగులుకుని ఆగింది. పెట్టె బియ్యం కొలిచే కుంచమంత ఉంటుంది. కింద ఇనుప కాళ్ళు, పైన మిణుకుమిణుకుమనే పచ్చ దీపం.

"దగ్గరికి పోవద్దండప్పా! బాంబుంటాది!" అని అయ్యన్న వేప చెట్టు వెనక నుంచి అరిచాడు.

జీవమ్మ అప్పటికే తాళ్ళు విప్పుతోంది. "ఎంత పైనుంచి పడిందో ఏమో" అని కొంగుతో దాని దుమ్ము తుడిచింది. కుండలో నీళ్ళు తెచ్చి పోయబోతే శాంతయ్య చెయ్యి పట్టుకున్నాడు. పచ్చ దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. ఆమె దాని ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"దీన్ని నేను కొన్లేదు గదా?"

"లేదు."

"ఎవుర్నీ అడిగి తెచ్చుకోలే?"

"లేదమ్మా."

"నా చేన్లోనే గదా వచ్చింది?"

"అవును." ఆమె మాట ఎటు పోతోందో తెలియక మూడింటికీ నిజమే చెప్పాను.

"అయితే రేపు నా పేరు మర్సిపోకుండా పిలువు" అని పెట్టెను గంపలో పెట్టి నెత్తికెత్తుకుంది. ఇరవై రోజుల తర్వాత ఆమె ముఖంలో నవ్వు చూశాను. అడ్డు చెప్పడానికి నాకు నోరు రాలేదు. సైన్యంవాళ్ళు వస్తే ఇచ్చేద్దాంలే అనుకున్నాం. ఆ ప్లాస్టిక్ ఊరికే పడి ఉండటం ఎందుకని శాంతయ్య చుట్ట చుట్టి చర్చికి మోయించాడు.

సైన్యంవాళ్ళు ఆ సాయంత్రం రాలేదు. ఎందుకు రాలేదో మర్నాడు తెలిసింది. పెట్టె ఉన్నచోటు చెప్పే సంకేతం దాని లోపలి నుంచే వెలువడుతుందట. జీవమ్మేమో పిల్లలు ముట్టుకుంటారని దాన్ని పాత ఇనుప ట్రంకులో తన రెండు మంచి చీరల నడుమ పెట్టి తాళం వేసింది. దాంతో సంకేతం కాస్తా గప్‌చుప్. పాపం వాళ్ళు చీకటిపడే దాకా కొండకు అటుపక్క వెతికారట.

ఆదివారం పొద్దున చర్చి ముందు రెండు వేపచెట్ల నడుమ తెల్లని పందిరి కట్టి ఉంది. శాంతయ్య పనితనమది. మధ్యాహ్నం అందరం కలిసి భోంచేసేది దాని కిందే. భోజనం ఉన్న రోజున అయ్యన్నకు మా చర్చి మీద భక్తి ఎక్కువ, పొద్దున్నే వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు.

నేను పేర్లు పిలిచాను. కందులు వచ్చాయి, ఆముదాలు వచ్చాయి, గుమ్మడికాయలు వచ్చాయి, కాళ్ళు కట్టిన కోడిపుంజు ఒకటి నాకంటే పెద్ద గొంతుతో వచ్చింది. "జీవమ్మ" అని పిలిచాను. ఆమె గంప మీద ఉతికిన తెల్ల తువ్వాలు కప్పుకుని, ఎప్పటిలాగే తల వంచుకుని నడిచింది. తువ్వాలు కింద పచ్చ వెలుగు వచ్చి పోతోంది. బల్ల దగ్గర దించి, తువ్వాలు తీసి, గుమ్మడికాయకూ జొన్న కంకులకూ నడుమ సర్దింది. పాస్టరు దావీదురాజు గారు వంగి చూసి, ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఏమిటిది జీవమ్మా?"

"ఈ ఏటికి నా చేన్లో వచ్చింది ఇదేనయ్యగారూ."

ఆయన మంచి మనిషి. ఆమె ముఖం చూసి తల ఊపారు. కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు గాని, ఒక కన్ను పెట్టె మీదే ఉంచారు.

ప్రార్థన ఆమేన్ దగ్గరికి వచ్చింది. అప్పుడే బయట జీపు ఆగింది. ముగ్గురు సైనికులు వాకిట్లో నిలబడ్డారు. ముందున్న కుర్ర అధికారి చేతిలో ఒక యంత్రం కీచుకీచుమంటోంది. లోపల అందరూ తలలు వంచి ఉండటం చూసి, దాన్ని చంకలో నొక్కి పట్టుకున్నాడు. ముగ్గురూ వంగి బూట్లు విప్పసాగారు. ఆ తెరిచిన కంటితో పాస్టరుగారు వాళ్ళను చూశారు కాబోలు, ముగియవలసిన ప్రార్థన మళ్ళీ మొదలై దేశం మీదికి, సరిహద్దుల మీదికి, ఎండలోనూ మంచులోనూ కాపలా కాసే బిడ్డల మీదికి పోయింది. చంకలో యంత్రం మాత్రం కీచుమంటూనే ఉంది. ఆడవాళ్ళ వైపు నుంచి కిసుక్కున నవ్వు వినిపించింది.

ఆమేన్ అన్నాక అధికారి చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు. పేరు హర్షవర్ధన్ అట, తెలుగువాడే.

"అయ్యా, ఆ పెట్టె మాది. తీసుకపోవాల. లోపల ఉండే లెక్కలు మాకు శానా ముఖ్యం."

"ఏ దేశానిది సార్? ఎవరు పంపినారు?" అని అయ్యన్న వెనక నుంచి నిలబడి అడిగాడు.

"ఏ దేశానిదీ కాదు. మాదే. మేమే పైకి పంపి మేమే కొట్టినాం. రేపు నిజంగా శత్రువుది వస్తే కొట్టడం చేతనవ్వాల గదా. గాలి తిరిగి ఇట్లొచ్చింది."

అయ్యన్న ముఖం వాడిపోయింది, నెమ్మదిగా కూర్చున్నాడు.

"మీరే ఎగరేసి మీరే కొట్టుకుంటారా నాయనా?" అంది జీవమ్మ. "మా ఏసేపు గూడా అంతే. రాళ్ళు తనే ఏరి గట్టున పోసేటోడు, మళ్ళా తనే తట్టుకొని పడేటోడు."

చర్చంతా నవ్వింది, సైనికులు కూడా నవ్వారు. పాస్టరుగారు నవ్వాపుకుని, "ఇక్కడ పెట్టినది ఆమె. ఇవ్వవలసిందీ ఆమే" అన్నారు.

జీవమ్మ లేచి వెళ్ళి పెట్టెను రెండు చేతులతో ఎత్తి అధికారి చేతిలో పెట్టింది. "మీ వస్తువు మీరు తీసుకపోండి నాయనా. దానికి దెబ్బేం తగల్లే, నేను తుడిసినా." అంతవరకు బాగానే చెప్పింది. తర్వాత గుమ్మడికాయకూ జొన్న కంకులకూ నడుమ ఖాళీ వైపు చూసింది. వట్టి గంప ఎత్తుకుని, తువ్వాలు అందులో మడిచి పెట్టుకుని, వెనక్కి నడిచి తన చోట కూర్చుంది. ముప్పై నాలుగేళ్ళలో ఆమె అట్లా నడవడం నేను చూడలేదు.

అధికారికి విషయం అర్థం కాలేదు. పక్కనున్న నేను చెవిలో చెప్పాను. ఆయన తల వంచుకుని పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీనికి నాలుగు కాళ్ళుండాల. మూడే ఉండాయి" అన్నాడు. "నాలుగోది చేన్లో ఇరిగిపోయింటాది. అదీ తీసుకపోవాల."

దారి చూపడానికి నేను జీపెక్కాను. అడక్కుండానే అయ్యన్న కూడా ఎక్కాడు. చేనికి పోయి, పెట్టె ఈడ్చుకుపోయిన జాడ వెంట నడిచాం. నాగలి పట్టిన చాలులా ఉంది అది. గచ్చు లాంటి ఆ నేలను ఇనుప కాళ్ళు చీల్చి, గడ్డలు గడ్డలుగా రెండు పక్కలా తిరగేశాయి. విరిగిన కాలు రాళ్ళకుప్ప దగ్గర దొరికింది. సైనికుడొకడు దాన్ని జీపులో వేశాడు. వెళ్దాం రమ్మని పిలిస్తే హర్షవర్ధన్ రాలేదు. చాలు పక్కన కూర్చుని ఒక మట్టి గడ్డను రెండు చేతులా పట్టి విరిచాడు.

"ఈయమ్మ చేను పీకలేదా?"

"పీకితే కట్టె వచ్చింది సార్. కింద కాయ లేదని వదిలేసింది."

"ఎవురు చెప్పినారు?" అని అరచెయ్యి చాపాడు. మట్టి నడుమ మూడు బుడ్డలున్నాయి, చిన్నవే గాని గట్టి కాయలు. "మాది ప్రొద్దుటూరు పక్కన. మా నాయన ఇట్లాంటి ఏట్లో ఎన్నితూర్లు గడ్డపార పట్టించినాడో నాతో! నేల బిగిస్తే కాయ లోపల్నే ఉంటాది, మన చేతికి రాదు."

నిన్న పదిమందిమి ఈ చేన్లో తిరిగాం. ఒక్కరమైనా కిందికి చూడలేదు. అయ్యన్న చాలులో కూర్చుని గడ్డలు విరవడం మొదలుపెట్టాడు, గూఢచారుల మాట ఎత్తకుండా అరగంట పనిచేయడం ఆయన జీవితంలో అదే మొదలు. ఐదుగురం ఏరితే అధికారి టోపీ నిండింది.

చర్చిలో ఎవరూ కదల్లేదు. వంట చల్లారుతున్నా పాస్టరుగారు పాట మీద పాట పాడిస్తూ ఉన్నారు. హర్షవర్ధన్ జీవమ్మ దగ్గరికి పోయి, టోపీలోని బుడ్డలు ఆమె గంపలో పోశాడు.

"అమ్మా, ఇవి నేను ఇచ్చేటివి కాదు. నీ చేన్లోవే. పెట్టె ఈడ్చిన కాడ తేలినాయి."

ఆమె ఒక కాయ తీసి ఒలిచింది. లోపల రెండు ఎర్రని గింజలు. వాటిని వేలితో తాకి చూసి, మళ్ళీ తొక్కలోనే పెట్టి మూసింది. ఎవరూ చెప్పకుండానే నేను లేచాను. ఆ పండుగలో ఒకరి పేరు రెండోసారి పిలవడం అదే మొదటిసారి. "జీవమ్మ" అని బయట పందిరి దాకా వినపడేటట్టు పిలిచాను. జీవమ్మ వాకిలి దాకా వెనక్కి పోయి, అక్కడి నుంచి మొదలుపెట్టి, గంప నెత్తిన పెట్టుకుని నిదానంగా నడిచి వచ్చి, గుమ్మడికాయకూ జొన్న కంకులకూ నడుమ దించింది.

సైనికులు పందిరి కింద అందరితో పాటు కూర్చుని భోంచేశారు. సగం అన్నం తిన్నాక వాళ్ళలో ఒకడు తలెత్తి పందిరి చూసి, పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. హర్షవర్ధన్ కూడా చూశాడు. శాంతయ్య సాంబారు గరిటె పట్టుకుని బిగుసుకుపోయాడు.

"భోజనాలయినాంక విప్పుకుంటాంలే పెద్దాయనా" అన్నాడు హర్షవర్ధన్. "బాగా కట్టినావు. మేము కొట్టిన బొక్క గూడా ఎండ పడకుండా మడిసినావు."

జీపు ఎక్కేటప్పుడు జీవమ్మ ఆయన దగ్గరికి పోయి, సిగ్గుపడుతూ ఏదో చెప్పింది. ఆయన నవ్వుతూ తల ఊపాడు. ఏం చెప్పావని అయ్యన్న వదలకుండా వారం రోజులు అడిగాడు గాని ఆమె చెప్పలేదు.

ఆ వారంలోనే గడ్డపార తీసుకుని మిగిలిన చేనంతా తవ్వుకుంది. కృష్ణవేణమ్మ ఇద్దరు కూలీలను పంపి, "నా ఉల్లిగడ్డలు వద్దన్నావు గదా, మనుషుల్ని గూడా వద్దంటావా?" అని అడిగింది. ఈసారి జీవమ్మ వద్దనలేదు. మూట నిండా కాదుగాని, విత్తనానికి సరిపోయేటన్ని బుడ్డలు చేతికొచ్చాయి. చేనికి దక్షిణం మూల మాత్రం గడ్డపారకు లొంగలేదు.

మొన్న నేను అటు పోతుంటే, కొండల మీదుగా విమానమొకటి వచ్చింది. జీవమ్మ ఎప్పటిలా చెయ్యి ఊపింది. ఊపి ఊరుకోకుండా, ఆ చేత్తోనే దక్షిణం మూల వైపు చూపిస్తూ అరిచింది.

"ఈతూరి కొడితే ఆడికి పడేటట్ల కొట్టండి నాయనా! ఆ మూల నేల శానా గట్టిగుండాది!"